ఇస్త్రీ అక్క ఇచ్చిన నేల

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. పాలవాడి దగ్గర్నుంచి పోలీసు ఇన్‌స్పెక్టరు దాకా అందరికీ ఆమె ఇస్త్రీ అక్కే. మనిషి భారీ. తను గుమ్మంలోకి వస్తే ముందు గదిలో వెలుతురు తగ్గుతుందని, ఆ తర్వాతే తను కనిపిస్తుందని ఆమే చెప్పి నవ్వేది. ఇంకొకరు అనేలోపు తనే అనేస్తే ఏ గొడవా ఉండదని ఆమె ఉద్దేశం. ముందుగదిలో పొడవాటి బల్ల, దాని మీద నాలుగు మడతల దుప్పటి, చిలకరించడానికి నీళ్ళ చెంబు, ఒక మంచం, గోడ వారగా బట్టల మూటలు. పొద్దున్నే బొగ్గులు రాజేసి ఇస్త్రీపెట్టె పట్టుకుంటే దీపాలు పెట్టేవేళకి గానీ దించేది కాదు.

పది గంటలు నిలబడే మనిషికి కోరికలు కూడా కాళ్ళలోనే పుడతాయి. ఆమెకి ఉన్నది ఒక్కటే కోరిక, కాళ్ళ కింద మంచి నేల. ఆ ఇంట్లో ఉన్నదేమో పగుళ్ళు తేలిన సిమెంటు. చలికాలం వస్తే దాని చల్లదనం మోకాళ్ళ దాకా ఎక్కి అక్కడే కాపురం పెట్టేది. ఒక్క లినోలియం పట్టా పరిస్తే చాలు, పాదానికి మెత్తగా, వెచ్చగా ఉంటుంది. ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు, ఎందుకంటే ఆమె మొగుడు చేసే పనే అది. బ్యాంకుకి, ఆసుపత్రికి, సినిమాహాలుకి, ఆఖరికి పోలీస్ స్టేషనుకి కూడా లినోలియం నేలలు పరిచింది ఆయనే. ఆయన కోసిన అంచుకీ గోడకీ మధ్య చీమ కూడా దూరదని పేరు. ఊరంతా మేస్త్రి అని గౌరవంగా పిలిచేది.

“ఏవండీ, మన నేల సంగతేంటి?”

“వచ్చేవారం చూద్దాంలే.”

ఆ వచ్చేవారం రావడానికి పద్దెనిమిదేళ్ళు పట్టింది. మూతపడిన హోటలు కోసం తెప్పించిన ముదురాకుపచ్చ పట్టా ఒకటి ఎవరికీ కాకుండా మిగిలిపోతే, ఒక ఆదివారం మేస్త్రి దాన్ని భుజాన వేసుకొచ్చి ముందుగదిలో పరిచాడు. ఆ రోజు ఇస్త్రీ అక్క ఇస్త్రీపెట్టె ముట్టుకోలేదు. చెప్పుల్లేకుండా ఈ గోడ నుంచి ఆ గోడకి, ఆ గోడ నుంచి ఈ గోడకి తిరిగింది. తిరుగుతూ తిరుగుతూ ఏడ్చేసింది. ఇంత చిన్నదానికి ఇన్నేళ్ళు తను ఏం చేస్తున్నట్టని మేస్త్రి తల గోక్కున్నాడు.

ఆ సుఖం ఏడు నెలలు. ఎనిమిదో నెలలో విప్లవం వచ్చింది.

ముప్పయ్యేళ్ళుగా దేశాన్ని ఏలుతున్న పెద్దాయన మీద జనం తిరగబడ్డారు. నూనె కోసం వరసలో నిలబడ్డవాళ్ళని పోలీసులు కొట్టడంతో మొదలైంది, ఓడరేవు పనివాళ్ళు పని ఆపేయడంతో ముదిరింది. ప్రభుత్వం మొదట పత్రికలు మూయించింది, తర్వాత ప్రతి ప్రెస్సుకీ తాళం వేసి లక్కసీలు కొట్టింది. అలా సీలు పడ్డ ఒక ప్రెస్సులో మేస్త్రి చెల్లెలు పనిచేసేది. సబ్బు కాగితాల మీద, అగ్గిపెట్టెల మీద వేసే బొమ్మలకి అచ్చులు చెక్కడం ఆ పిల్ల పని. అది పోగానే ఉలులు, సిరా డబ్బాలు, సిరా పూసే రోలరు ఒక సంచిలో వేసుకుని అన్నగారింటికి వచ్చేసింది.

“మన జనంలో సగం మందికి చదువు రాదు వదినా,” అంది వచ్చిన మర్నాడే. “వచ్చిన సగానికి పదిమందిలో నిలబడి చదివే ధైర్యం లేదు. బొమ్మ అయితే నడుస్తూనే చూసేయొచ్చు. ఎవరైనా అడిగితే చూడలేదనొచ్చు.”

అన్న సంచిలో ఉన్న లినోలియం తుక్కు ముక్క మీద మొదటి బొమ్మ చెక్కింది. చెదలు తినేసిన పెద్ద కుర్చీ. పద్ధతి తేలికే. తవ్విన చోట తెల్లగా మిగులుతుంది, తవ్వని చోట సిరా అంటుతుంది. పట్టా బిరుసుగా ఉంటే ఉలి జారుతుంది కాబట్టి ముందు వెచ్చబెట్టాలి, దానికి ఆ ఇంట్లో ఇస్త్రీపెట్టె ఉండనే ఉంది. ఇక మిగిలింది నొక్కడం. ప్రెస్సులన్నీ సీలులో ఉంటే నొక్కేదెవరు? సిరా పూసిన అచ్చు మీద కాగితం, కాగితం మీద దుప్పటి వేసి ఆడపడుచు ఎక్కి తొక్కింది. బొమ్మ పాలిపోయి వచ్చింది. మేస్త్రి తొక్కాడు. ఆయన గాలి వీస్తే స్తంభం పట్టుకోవలసిన మనిషి, కుర్చీకి రెండు కాళ్ళే పడ్డాయి. అన్నాచెల్లెళ్ళిద్దరూ ఇస్త్రీ అక్క వంక చూశారు.

“ఏం చూపులవి?” అంటూనే ఆమె చెప్పులు విడిచి ఎక్కింది. కాగితం లేపితే కుర్చీ నల్లగా, నిండుగా, చెదపురుగుల మీసాలతో సహా పడింది. బస్సుల్లో అందరిచేతా కాస్త జరగమనిపించుకున్న ఒళ్ళు ఇన్నాళ్ళకి ఒక ఘనకార్యం చేసింది. ఆ మధ్యాహ్నం ఆమె ఎనభై కాపీలు తొక్కింది. పొరుగువాళ్ళు ఆ చప్పుడు విని ఏవో దుప్పట్లు దులుపుతున్నారనుకున్నారు. కాపీలు చొక్కాల మడతల్లో దూరి, మూటలతో పాటే ఊళ్ళోకి వెళ్ళాయి.

రెండు వారాల్లో పోలీసులకి ఇది లినోలియం పని అని తెలిసిపోయింది. దుకాణాల్లో ఉన్న చుట్టలన్నీ పట్టుకుపోయారు. మేస్త్రుల సంచులు దులిపి తుక్కు ముక్కలు కూడా వదల్లేదు. ఆ సాయంత్రం అన్నాచెల్లెళ్ళిద్దరూ టీ గ్లాసులు పట్టుకుని నేల వంక చూస్తూ కూర్చున్నారు. ఇస్త్రీ అక్క ఆ చూపులు కనిపెట్టింది.

“నా నేల మీద కత్తి పెట్టినవాళ్ళకి ఈ ఇంట్లో కూడు పుట్టదు,” అంది.

పెడతామని ఎవరూ అనలేదు. ఇద్దరూ చూపు గ్లాసుల్లోకి మార్చారు.

మూడు రోజుల తర్వాత వెనకింటావిడ ఒక చొక్కా తెచ్చింది. రేవులో పోలీసులు పట్టుకుపోయిన కొడుకుది. జైలుకి తీసుకెళితే గేటు దగ్గర తీసుకోలేదట, దారిలో నలిగింది కదా, మళ్ళీ ఇస్త్రీ చేసి పెట్టమంది. మర్నాడు మళ్ళీ తెచ్చింది. ఆ మర్నాడూ తెచ్చింది. చొక్కా ఏమీ నలగలేదు. ఆవిడకి ఇంకేం చేయాలో తోచడం లేదు, అంతే. ఇస్త్రీ అక్క ఇస్త్రీ చేసి, మడతపెట్టి చేతికిచ్చి, ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా చూసి లోపలికొచ్చింది.

“ఆ మంచం కింది ముక్క కోసుకోండి,” అంది మొగుడితో. “మంచం కింద నేనెలాగూ నడవను.”

మంచం కిందది అయ్యాక ట్రంకుపెట్టె కిందది. తర్వాత తలుపు వెనకది. ప్రతి ముక్కా ఆమే సుద్దతో గీసిచ్చేది, గీత దాటితే ఊరుకునేది కాదు. మేస్త్రి తలెత్తకుండా కోసేవాడు. అంతా సద్దుమణిగాక కొత్తది వేస్తానని ప్రతిసారీ మాటిచ్చేవాడు. ఆ మాట ఆమె ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేది. బల్ల ముందు తను నిలబడే చోటు, పక్కన స్టూలు ఉండే చోటు మాత్రం ఎవరూ అడగలేదు.

నూనె కరువు మీద బొమ్మ కావలసి వచ్చినప్పుడు స్టూలు చోటు కూడా ఇవ్వక తప్పలేదు. కాళ్ళు లాగినప్పుడల్లా ఆమె కూలబడే స్టూలు అది. ఆడపడుచు ఆదరాబాదరాగా ఒక బోర్లించిన గిన్నె చెక్కి, పైన నల్లటి ఆకాశం వదిలేసింది. మొదటి కాపీ లేపి చూస్తే ఆకాశంలో నాలుగు తెల్లచుక్కలు. స్టూలు కాళ్ళు దిగబడి పట్టాలో నాలుగు గుంటలు పడ్డాయి, అక్కడ సిరా అంటలేదు. అందులోనూ ఒక చుక్క చిన్నది, మసకగా ఉంది. స్టూలుకి ఒక కాలు కాస్త పొట్టి మరి.

ఇస్త్రీ అక్క సిగ్గుతో చచ్చిపోయింది. “నా బరువు ఊరంతా గోడలకి అంటిస్తారా?” అంది. ఇంకొకటి చెక్కే వ్యవధి లేదు. అలాగే అంటించారు.

మర్నాటి నుంచి ఊరికి వేరే పని లేకుండా పోయింది. నాలుగు చుక్కలంటే జైల్లో ఉన్న నలుగురు నాయకులు, మసక చుక్క వాళ్ళలో జబ్బుపడ్డాయన అన్నారు కొందరు. కాదు, అవి మా నాలుగు డిమాండ్లు అన్నారు రేవు పనివాళ్ళు. రిటైరైన లెక్కల మాస్టారు టీకొట్టు దగ్గర గంటసేపు ఉపన్యాసమిచ్చి, ఇంత లోతైన బొమ్మ తన జీవితంలో చూడలేదని కళ్ళు తుడుచుకున్నాడు. వారం తిరిగేసరికి బస్సుల వెనక, బడిగోడల మీద, పిల్లల అరచేతుల్లో నాలుగు చుక్కలే. ఇస్త్రీ అక్క బట్టలివ్వడానికి వెళ్ళినచోటల్లా ఈ మాటలు విని, ఏమీ ఎరగనట్టు తలూపి, ఇంటికొచ్చి పొట్ట చేత్తో పట్టుకుని నవ్వేది.

పెద్దాయన మనుషులు చేతులు ముడుచుకు కూర్చుంటారా? వాళ్ళూ ఒక బొమ్మ అచ్చు వేయించారు. పైన నాలుగు చుక్కలు, కింద బుద్ధిగా పనిలోకి వెళుతున్న జనం. కానీ చుక్కలు నాలుగూ ఒకే సైజులో, బొత్తాముల్లా ముచ్చటగా ఉన్నాయి. “నాలుగోది మసగ్గా లేదు, ఇది దొంగది,” అని జనం ఎక్కడికక్కడ చించేశారు. మంచిదే గానీ, దాంతో ఇస్త్రీ అక్కకి పని పెరిగింది. ఇక మీదట ఏ బొమ్మ వేసినా అసలు చుక్కలు ఉండాల్సిందే. ఆడపడుచు ఉలితో చెక్కి చూసింది, అంచులు పదునుగా వచ్చి దొంగవాటిలాగే కనిపించాయి. కాబట్టి ముక్క కోయగానే ఇస్త్రీపెట్టెతో వెచ్చబెట్టడం, మీద స్టూలు వేయడం, ఇస్త్రీ అక్క ఎక్కి కూర్చోవడం, ముక్క చల్లారేదాకా లేవకపోవడం. పెళ్ళయ్యాక ఆమె మధ్యాహ్నం పూట కూర్చుని తీరిగ్గా టీ తాగింది ఆ రోజుల్లోనే.

“కదలకు వదినా,” అనేది ఆడపడుచు. “ప్రభుత్వం నువ్వు కూర్చున్న దాన్నిబట్టి ఉంది.”

ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఆమె ముప్పయ్యో కాపీ తొక్కుతుండగా గుమ్మం ముందు జీపు ఆగింది. దిగింది మడత సారు. ప్యాంటు మడత కత్తి అంచులా లేకపోతే గడప దాటని ఇన్‌స్పెక్టరు కాబట్టి వీధి ఆయనకి పెట్టిన పేరు అది. ఇస్త్రీ అక్క గుండె జారి కాళ్ళలోకి వచ్చింది, కాళ్ళ కిందేమో అచ్చు. అయితే దాచే ఉపాయం మేస్త్రి కోతలోనే ఉంది. ఏ ముక్క ఏ చోట కోశాడో ఆ చోట సరిగ్గా అతికినట్టు కూర్చుంటుంది. ఆమె ఒక్క ఊపున అచ్చుని కాగితంతో సహా బోర్లా తిప్పి నేలలో అమర్చి, మీదకి గోనెపట్టా లాగేసింది. ఆడపడుచు మిగతా కాపీల మీద ఒక దుప్పటి కప్పి, దానిమీద ఎక్కి కూర్చుంది.

మడత సారు లోపలికొచ్చి నేరుగా ఆ గోనెపట్టా మీదే నిలబడ్డాడు. చంకలోంచి ఒక ప్యాంటు తీసి బల్ల మీద పెట్టాడు.

“సాయంత్రం పైవాళ్ళు వస్తున్నారు. ఇప్పుడే కావాలమ్మా.”

“కూర్చోండి సారూ, స్టూలుంది.”

“కూర్చుంటే వేసుకున్నది నలుగుతుంది. నువ్వు కానీ.”

బరువులో ఆయనా తక్కువ మనిషేం కాదు. కాళ్ళు మార్చి మార్చి ఊగుతూ నిలబడ్డాడు. ఆమె చిలకరించిన నీళ్ళలో సగం తన పాదాల మీదే పడ్డాయి. అప్పుడాయన జేబులోంచి ఒక కాగితం తీసి విప్పాడు. బోర్లించిన గిన్నె, నాలుగు చుక్కలు.

“ఊరంతా తిరుగుతావు కదా. దీన్ని ఏమంటున్నారమ్మా?”

“నాకేం తెలుస్తుంది సారూ. ఏవో చుక్కలు.”

“నలుగురు సూత్రధారులు,” అన్నాడు గొంతు తగ్గించి. “అందులో ఒకడు పొట్టివాడు. అంతవరకు నేను పట్టేశాను. ఆ పొట్టివాణ్ణి లాగేస్తే మిగతా ముగ్గురూ నిలబడలేరు.”

ఇస్త్రీ అక్కకి నవ్వు తన్నుకొచ్చింది. బొగ్గు పొగ మింగినట్టు నటించి దగ్గీ దగ్గీ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. పాపం, వెళ్ళి నీళ్ళు తాగమని ఆయనే అన్నాడు.

జీపు వెళ్ళిపోయాక ఇద్దరూ గోనెపట్టా తీసి అచ్చు లేపారు. కాగితం మీద పడిన బొమ్మ ఆ రోజు కాపీలన్నిటిలోకీ నల్లగా, నిఖార్సుగా ఉంది. “బూట్ల తడాఖా,” అన్నాడు మేస్త్రి సాయంత్రం వచ్చి చూసి. మడత సారు పనితనం ఆయనకే దక్కాలని దాన్ని తీసుకెళ్ళి పోలీస్ స్టేషను గోడకే అంటించారు.

ఆ నెలాఖరుకి సైనికులు జనం మీద కాల్చేది లేదన్నారు, పెద్దాయన విమానం ఎక్కాడు. వెనకింటావిడ కొడుకు ఇంటికొచ్చి ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. కొత్త జెండా మీద నాలుగు చుక్కలు కుట్టించారు, నాలుగోది చిన్నగా. ఊరు ఊరంతా వీధిలోకి వచ్చి గొంతు బొంగురుపోయేలా పాడింది. ఇస్త్రీ అక్క కూడా పాడింది. పాడి పాడి ఇంటికొచ్చి చూసుకుంటే గది నిండా సిమెంటే. ఆఖరి వారంలో బల్ల ముందు తను నిలబడే చోటు కూడా ఇచ్చేసింది మరి.

మేస్త్రి వేద్దామనే అనుకున్నాడు, మనసారా అనుకున్నాడు. కానీ కొత్త ప్రభుత్వానికి కొత్త నేలలు కావాలి కదా. పెద్దాయన బూట్లు తిరిగిన చోట ప్రజల మనుషులు ఎలా తిరుగుతారు? మంత్రుల ఆఫీసులు, కోర్టు, రేడియో స్టేషను, ఒకటి తర్వాత ఒకటి. విప్లవానికి తన ఇంటి నేల ఇచ్చిన మేస్త్రి అని ఒక సభలో చెప్పి చప్పట్లు కొట్టారు. ఇచ్చింది నేను కాదని ఆయన నోరు తెరిచేలోగా చప్పట్లు అయిపోయి తర్వాతి మనిషిని పిలిచేశారు. ఆరు నెలలు గడిచాయి. చలి మళ్ళీ ఆమె మోకాళ్ళకి ఎక్కింది.

“ఏవండీ.”

“సభాభవనం ఒక్కటి కానీవే. గుమ్మం నుంచి అధ్యక్షుడి కుర్చీ దాకా అతుకు లేకుండా ఒకే పట్టా పరచాలట. ప్రజలంతా ఒక్కటేనని దానికి అర్థమట.”

భవనంలో ఇంకా గోడలకి రంగులు వేస్తున్నారని ఆ ఎర్రటి పట్టా చుట్టని తెచ్చి ఆమె గదిలోనే పెట్టాడు. సగం గది ఆక్రమించింది. నాలుగు రోజులు ఆమె దాన్ని దాటుకుంటూ ఇస్త్రీ చేసింది. సోమవారం సభ మొదలవుతుందనగా, బుధవారం మధ్యాహ్నం తలుపు గడియ పెట్టింది. చీరె మడత విప్పినట్టు చుట్టని ఒక వైపు విప్పుకుంటూ, రెండో వైపు చుట్టుకుంటూ నడిమికి చేరింది. సుద్ద తీసుకుని, తన కుడిపాదం దాని మీద పెట్టి చుట్టూ గీసింది. ఆడపడుచు ప్రెస్సు తెరిచాక కొత్త ఉలులు కొనుక్కుంది, పాతవి ఇక్కడే ఉన్నాయి. ముక్క కోసి, వెచ్చబెట్టి, స్టూలు వేసుకుని చల్లారేదాకా కూర్చుంది. చెక్కడం నూరుసార్లు చూసిన పనే. సిరా పూసి, కాగితం వేసి తనే తొక్కి, కాపీలు ఎప్పట్లాగే చొక్కాల మడతల్లో పెట్టి పంపింది.

శుక్రవారానికి ఊరంతా పాదమే. అక్షరం ముక్క లేదు. వట్టి పాదం, పైన నాలుగు చుక్కలు. నాలుగోది మసగ్గా ఉంది కాబట్టి దొంగది అనడానికి లేదు. జనం మళ్ళీ బయల్దేరుతున్నారని కొందరు, కొత్తవాళ్ళని కూడా తొక్కేస్తారని కొందరు. లెక్కల మాస్టారు ఈసారి రెండు గంటలు మాట్లాడాడు. మంత్రులు హడలిపోయి అత్యవసర సమావేశం పెట్టి, ప్రజలకి ఏం తక్కువైందో కనుక్కోమని తలో దిక్కుకీ మనుషుల్ని పంపారు.

మేస్త్రి సభాభవనం దగ్గర కొలతలు తీసుకుంటూ ఆ కాగితం చూశాడు. బొటనవేలి కన్నా పొడుగైన రెండో వేలు, ఎవరితోనో అలిగినట్టు పక్కకి తిరిగిన చిటికెన వేలు. మంత్రులకి అర్థం కానిది ఆయనకి క్షణంలో అర్థమైంది. సంచీ, కత్తీ అక్కడే వదిలేసి ఇంటికి పరిగెత్తాడు. ఆమె చొక్కా ఇస్త్రీ చేస్తోంది, తలెత్తలేదు.

“ఇది నీ కాలు కదా?”

“గుర్తుపట్టారే.”

మేస్త్రి చుట్ట వంక చూశాడు. “ఎక్కణ్ణుంచి కోశావు?”

“నడిమిలోంచి. సరిగ్గా నడిమిలోంచి.”

ఆయన ఉన్నచోటే కూలబడ్డాడు. “సోమవారం సభ పెట్టుకుని ఇదేం పనే? నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా.”

“పంతొమ్మిదేళ్ళు నోటితో చెప్పాను. మీకు వినపడలేదు. బొమ్మ వేసి గోడకి అంటిస్తే గానీ ఈ దేశంలో ఎవరికీ పట్టదని నేర్పింది మీరిద్దరే.” ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. “నాకు చలేస్తోందండీ.”

మేస్త్రి అరచెయ్యి సిమెంటుకి ఆనించి అలాగే ఉంచాడు. ఊళ్ళో ఏ నేలనైనా ఒక్క చూపులో అంచనా వేసే మనిషికి, సొంత ఇంటి నేల ఇంత చల్లగా ఉంటుందని అప్పుడే తెలిసింది. సిగ్గు ముంచుకొచ్చింది. లేచి చుట్ట విప్పడం మొదలుపెట్టాడు. ఆ చేత్తోనే ఆమె పాదం ముక్క అడిగి తీసుకుని, అది సరిగ్గా బల్ల ముందు ఆమె నిలబడే చోటికి వచ్చేలా కొలిచి, శనివారం సాయంత్రానికి గది అంతా పరిచేశాడు.

సోమవారం పొద్దున సభ కార్యదర్శి ఎర్రపట్టా ఏదని గుమ్మంలోనే నిలదీశాడు. వెనక సభ్యులందరూ బారులు తీరి ఉన్నారు. మేస్త్రి చేతులు కట్టుకుని, అందరికీ వినపడేలా చెప్పాడు.

“అది మా ఆవిడ కాళ్ళ కింద ఉందండీ. విప్లవానికి నేల ఇచ్చింది ఆవిడ. నేను కోశానంతే.”

కార్యదర్శి గుమ్మంలోంచి పక్కకి జరిగాడు. సభ వట్టి సిమెంటు మీదే మొదలైంది.